మా తాత చెల్లెలు ఫిబ్రవరి ముప్ఫైన పుట్టింది

మీ తాతను ఎవరైనా దొంగిలిస్తే కోపం తెచ్చుకోకండి. సంబరపడండి.

ఆలోచించి చూడండి. బతికున్నన్నాళ్లూ మా తాతను ఇంట్లో ఉంచుకోవడానికి సొంత కూతుళ్లే వంతులు వేసుకునేవారు. నెల నిండడానికి ఇంకా రెండు రోజులున్నాయనగానే ఆయన సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టేవారు. అలాంటి మనిషిని ఇవాళ ముక్కూ మొహం తెలియని ఎనిమిది మంది "ఈయన మావాడు" అంటూ తమ తమ కంప్యూటర్లలోకి ఎత్తుకుపోయారు. పోయిన నలభై రెండేళ్లకు ఆయనకు ఇంత గిరాకీ! ఇది దొంగతనమా? మీరే చెప్పండి, ఇంతకు మించిన ఆదరణ ఏముంటుంది?

నా సంగతి ముందే చెప్పుకోవడం మర్యాద. ముప్ఫై నాలుగేళ్లు ఒక అచ్చాఫీసులో ప్రూఫ్ రీడరుగా పనిచేశాను. బస్సుల టైంటేబుళ్లు, టెలిఫోన్ డైరెక్టరీలు, శుభలేఖలు, సంతాప ప్రకటనలు, ఏవి వచ్చినా దిద్దాను. ఒక తేదీ కిందికి, ఒక పేరు పైకి జరిగితే మనుషుల జీవితాలు ఎలా తారుమారవుతాయో దగ్గర నుంచి చూశాను. రిటైరయ్యాక దిద్దడానికి ఏమీ మిగలక సొంతవాళ్ల మీద పడ్డాను. పదమూడేళ్లుగా మా వంశవృక్షం రాస్తున్నాను.

ఒంటరివాణ్ణి. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఒక గదిలో నేనుంటాను, ఇంకో గదిలో మావాళ్లందరూ ఫైళ్లలో ఉంటారు. పోయినవాళ్లతో ఉన్న సుఖం ఏమిటంటే, మన ఫోను ఎందుకు ఎత్తలేదా అని బాధపడక్కర్లేదు. కారణం తెలుసు.

ఈ వంశవృక్షాల వెబ్‌సైట్ల గురించి తెలియనివారికి ఒక ముక్క. మీ నాన్న, తాత, ముత్తాతల పేర్లూ తేదీలూ మీరు అందులో ఎక్కిస్తారు. ఎక్కడో ఇంకొకరు తమవాళ్లను ఎక్కిస్తారు. రెండు చోట్లా ఒకే పేరు కనపడగానే యంత్రానికి ఆనందం ఆగదు. "అభినందనలు! మీకు ఒక చుట్టం దొరికి ఉండవచ్చు!" అని ఇద్దరికీ కబురు పెడుతుంది. దొరికి ఉండవచ్చు! పోయిన గొడుగు గురించి కూడా ఇంతే జాగ్రత్తగా చెబుతారు.

అక్కడి నుంచి మర్యాదల ప్రకరణం మొదలవుతుంది.

నా మొదటి చుట్టానికి ప్రొఫైల్‌లో మొహం లేదు. మొహం ఉండవలసిన చోట ఒక స్కూటరు ఉంది. అందుకని ఆయన్ను స్కూటరాయన అనే పిలుస్తాను. ఆయన మెసేజ్ మొత్తం ఇది: "హాయ్. అన్నీ పంపండి."

ఎంత క్లుప్తత! నమస్కారాలూ కుశల ప్రశ్నలూ పెట్టి ఎదుటివాడి సమయం వృథా చేయని ఈ సంస్కారం మనలో ఎంతమందికి ఉంది? నేను పొంగిపోయి మూడు వందల నలభై పేజీలు స్కాన్ చేసి పంపాను. నాలుగు నెలల తర్వాత జవాబు వచ్చింది. ఒక బొటనవేలు. పైకి లేపి ఉంది.

కొందరు దీన్ని కృతఘ్నత అంటారు. నేననను. పదేళ్ల కష్టానికి ఒక వేలు చొప్పున లెక్కేస్తే, మరో తొంభై ఏళ్లలో ఆయన దగ్గర నాకు రెండు చేతులూ జమవుతాయి.

రెండో చుట్టం ఒక డ్రాయింగు టీచరు. ఆవిడ ఏమీ అడగలేదు. అడిగి ఇబ్బంది పెట్టడం ఆవిడకు ఇష్టం ఉండదు కాబోలు. మా తాత ఫొటో ఒకటి తీసుకుని, తన ముత్తాత తమ్ముడి పేరు పెట్టి, రంగులద్దింది. మా తాత జన్మలో వేసుకోని నీలం కోటు వేసింది. మెడలో టై కట్టింది. తల మీద కాస్త జుట్టు కూడా దయచేసింది. ఆ ఫొటో చూస్తే నాకే అనిపించింది, ఈ తాత అయితే మా అత్తయ్యలు రెండు నెలలు ఉంచుకునేవారని.

ఇక మూడో ఆయన నన్నే తీసుకెళ్లాడు. ఆయన వృక్షంలో నేను పోయి ఆరేళ్లయింది. చూడగానే ఒంటరి గదిలో ఒక రకమైన చలి వేసిందని ఒప్పుకుంటాను. "అయ్యా, నేను బతికే ఉన్నాను, దయచేసి సరిచేయండి" అని రాశాను. వెంటనే బదులిచ్చాడు. చాలా మర్యాదస్తుడు.

"సంతోషం. ఆధారం పంపగలరా?"

ఇదే కదా పరిశోధన అంటే! మా తాతను ఏ ఆధారమూ లేకుండా కలుపుకున్న మనిషి, నన్ను బతికించడానికి మాత్రం ఆధారం అడిగాడు. ఆ రోజు పేపరు పట్టుకుని ఫొటో తీయించుకుని పంపాను. "పోలికలు ఉన్నాయి. అదే పేరు గల వేరే వ్యక్తి కూడా కావచ్చు" అన్నాడు. ఆలోచిస్తే ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆరేళ్ల కిందటి నేనూ ఇప్పటి నేనూ ఒకరేనని నేను మాత్రం ఏ కాగితం చూపించి నిరూపించగలను?

నేను మాత్రం మర్యాదలన్నీ తెలిసినవాణ్ణని విర్రవీగడం లేదు. ఒకసారి మా పిన్నికి ఫోన్ చేసి, వాళ్ల నాన్నకు వాళ్ల అమ్మకన్నా ముందు ఒక భార్య ఉండేదని పత్రాల్లో దొరికిందని చాలా మెత్తగా, నీళ్లు నమలుతూ చెప్పాను. పిన్ని తుళ్లిపడుతుందనుకున్నాను.

"తెలుసురా," అంది.

"తెలుసా? మరి ఎప్పుడూ చెప్పలేదేం పిన్నీ?"

"నువ్వు అడగలేదుగా. కాగితాలను అడిగావు."

ఫోను పెట్టేసి ఆ సంగతిని ఫైల్లో ఎక్కించాను. అది వేరే సంగతి.

అసలు సొంత చుట్టాలకీ, దొరికి ఉండవచ్చు చుట్టాలకీ ఉన్న తేడా చెబితే గానీ మీకు దొంగల గొప్పతనం అర్థం కాదు. ఐదేళ్ల కిందట మా వంశచరిత్రను అచ్చువేయించి, గట్టి అట్టతో బైండు చేయించి, పదకొండు కాపీలు సొంతవాళ్లకు స్వయంగా ఇచ్చి వచ్చాను. బస్సులో పోయి, మెట్లెక్కి, ఇంటింటికీ ఇచ్చాను. పదకొండు మందీ ఒకే పని చేశారు. తమ పేరున్న పేజీ తెరిచారు.

బావకు కోపం వచ్చింది. "నా చదువు బీకాం అని వేశావేంట్రా? ఎంకాం కదా."

"మొదటి ఏడాదిలోనే ఆగిపోయావు కదా బావా."

"ఆగిపోయింది కాలేజీ. నేను కాదు."

బాబాయి కూతురు, నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది, తన పుట్టిన సంవత్సరం చూసుకుని మొహం మాడ్చుకుంది. "బతికున్నవాళ్ల ఏళ్లు వేస్తారా అన్నయ్యా ఎక్కడైనా? పోయినవాళ్లకి వేసుకో, వాళ్లు ఏమీ అనుకోరు." పోయినవారం వెళ్లి చూశాను. ఆ అంకె మీద పువ్వు బొమ్మ స్టిక్కరు అంటించి ఉంది.

మా అన్నయ్య నాలుగు బస్టాపుల అవతల ఉంటాడు. నాకున్న ఒకే ఒక్క తోబుట్టువు. పుస్తకం ఇచ్చిన నెలకు ఫోన్ చేశాను.

"చదివావా అన్నయ్యా?"

"చూశాన్రా. బరువుగా ఉంది."

"నలభై ఏడో పేజీ చూశావా?"

"ఆఁ, అన్నీ చూశా. బైండింగు బాగా చేయించావు. ఎవడు చేశాడు?"

ఎవరు చేశారో చెప్పాను. వాళ్లింట్లో ఇప్పుడు ఆ పుస్తకం ఇంటర్‌నెట్ పెట్టె కింద ఉంది. కాస్త ఎత్తులో ఉంటే సిగ్నల్ బాగా వస్తోందని వదిన చెప్పింది. సంతోషించాను. ఆరు తరాల మావాళ్ల వీపు మీద నుంచి ఆ ఇంటికి సీరియళ్లు ప్రసారం అవుతున్నాయి. అలా అందరికీ ఉపయోగపడే భాగ్యం ఎన్ని వంశాలకు దక్కుతుంది?

అందుకే దొంగలంటే నాకు గౌరవం. వాళ్లు కనీసం ఎత్తుకెళ్లారు.

అయినా దొంగలెవరో తెలియాలి కదా. వెబ్‌సైట్‌లో మావాళ్లను ఎక్కించింది మూడేళ్ల కిందట. ఎనిమిది వృక్షాల్లో మావాళ్లు తేలాక, ఎవరు ఎక్కడి నుంచి ఎత్తారో పట్టుకోవడానికి నేనొక వల పన్నాను. మా తాతకు లేని చెల్లెల్ని ఒకామెను పుట్టించాను.

ఒక పేరు పెట్టాను. ఆ పేరు ఇక్కడ చెప్పను. చెబితే రేపటికల్లా నలుగురు మనవలు బయల్దేరతారు. పుట్టిన సంవత్సరం తాత కన్నా నాలుగేళ్లు తక్కువ వేశాను. పుట్టిన తేదీ ఫిబ్రవరి ముప్ఫై అని వేశాను.

అవును, ముప్ఫై. చదివేవాడెవడైనా సరే, అక్కడికొచ్చి కాలు తట్టుకుని ఆగాలి. ఆగి అడగాలి. అడగనివాడు చదవకుండా ఎత్తినవాడన్నమాట. ముప్ఫై నాలుగేళ్లు తప్పులు వేటాడినవాడు ఒక తప్పును పెంచుకోవడంలో ఎంత సుఖం ఉందో మీకు చెప్పలేను.

ఎనిమిది వృక్షాలూ ఆమెను అక్కున చేర్చుకున్నాయి. ఒక్కరూ ఆగలేదు. పైపెచ్చు ఆమె వృద్ధిలోకి వచ్చింది. స్కూటరాయన ఆమెకు పెళ్లి చేశాడు. డ్రాయింగు టీచరు ముగ్గురు పిల్లల్ని ఇచ్చింది, అందులో ఇద్దరు కవలలు. నన్ను చంపినాయన ఆమె పుట్టినరోజును క్యాలెండరులో పెట్టుకున్నాడట, ఏటా గుర్తు చేయమని. ఆ రోజు మాత్రం ఇంకా రాలేదు. ఓపికగా ఎదురు చూస్తున్నాడు.

పాపం నాకూ ఒక జబ్బు పట్టుకుంది. మనసు ఎంత సిగ్గులేనిదో వయసు మీద పడ్డాకే తెలుస్తుంది. కుళాయి కట్టేస్తూ, "ఆమెకు నీళ్లు కారిపోతుంటే చిరాకు" అనుకున్నాను ఒకరోజు. ఎవరికి? ఆ లేనిమనిషికి! ఆమె ఎడమచేతి వాటమనీ, కప్పలంటే భయమనీ నాకెలా తెలిసిపోయిందో తెలిసిపోయింది. పుట్టించిన తప్పును నేను తలుచుకోవడం మొదలుపెట్టాను.

అలాంటి రోజుల్లో ఉత్తరం వచ్చింది. కాగితం ఉత్తరం, పోస్టులో, వృక్షం అడుగున నేను వేసుకున్న చిరునామాకు.

వంశచరిత్రలు పంచుకునే మర్యాద ఎలా ఉండాలో తెలుసుకోగోరేవారు ఆ ఉత్తరం చూడాలి. ముందు తానెవరో చెప్పింది: ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే కౌంటరులో ఉద్యోగం. తన దగ్గర ఏమున్నాయో చెప్పింది: అమ్మమ్మ ఫొటో ఒకటి, అమ్మమ్మ పెరిగిన అనాథాశ్రమం రిజిస్టరులో ఒక పేజీ నకలు. నకలు జతచేసింది. తిరుగు జవాబుకు స్టాంపు అంటించిన కవరు పెట్టింది. "హాయ్" లేదు. "అన్నీ పంపండి" లేదు.

"మీ వృక్షంలో ఉన్న మీ తాతగారి చెల్లెలి పేరూ, మా అమ్మమ్మ పేరూ ఒకటే. పుట్టిన సంవత్సరమూ ఒకటే. ఆ లెక్కన మీరు నాకు అన్నయ్య వరస అవుతారు. మీకు వీలైతే కలుస్తాను. ఒక చిన్న ప్రశ్న ఉంది, ఎదురుగా అడగాలి. ఇబ్బందైతే వద్దు."

వరస సరిచూశాను. వాళ్ల అమ్మమ్మ మా తాత చెల్లెలైతే, వాళ్ల అమ్మ మా నాన్నకు మేనత్త కూతురు, అంటే మరదలు. నాకు పిన్ని వరస. పిన్ని కూతురు చెల్లెలు. కాగితం మీద వేసి చూసినా అంతే వచ్చింది. ఈ రోజుల్లో ఈ లెక్క తప్పు లేకుండా కట్టేవారున్నారా? మామూలప్పుడైతే ఉత్తరానికి దండం పెట్టేవాణ్ణి.

రిజిస్టరు నకలును దీపం కిందికి లాక్కుని చదివాను. పేరు ఉంది. సంవత్సరం ఉంది. పుట్టిన తేదీ గడి ఖాళీ. తల్లి పేరు గడిలో ఒక గీత. తండ్రి పేరు గడిలో ఒక గీత. ఆ గీతలు గీసినవాడు స్కేలు పెట్టి గీశాడు.

దొంగల కోసం పన్నిన వలలో ఎవరు పడ్డారో చూశారా? అమ్మమ్మ తల్లిదండ్రుల కోసం ఒక జీవితమంతా వెతుక్కుంటున్న మనిషి.

నిజం చెబుతూ ఏడు ఉత్తరాలు రాశాను. ఏడూ చించాను. ప్రతి ఉత్తరంలోనూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "మీ అమ్మమ్మను నేను కల్పించాను" అని రాస్తే అది అబద్ధం, వాళ్ల అమ్మమ్మ ఉంది కదా. "మా తాత చెల్లెల్ని కల్పించాను" అంటే నిజమే, కానీ ఎందుకని అడుగుతుంది. ఆ ఎందుకు దగ్గరికి వెళ్లడం నాకిష్టం లేదు. చివరికి ఆమె పంపిన కవరులోనే ఒక ముక్క పెట్టాను: "రండి."

రావలసిన రోజు జూన్ ముప్ఫై ఒకటి, ఆదివారం, ఉదయం పదకొండు గంటలకు. ముందురోజు రెండో కుర్చీ ఖాళీ చేశాను. దాని మీద తొమ్మిదేళ్లుగా మా ముత్తాత తరం ఫైళ్లుండేవి. బిస్కెట్లు తెచ్చాను. చెప్పవలసిన మాటలు అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు చెప్పుకున్నాను. ఐదోసారి అద్దంలో మనిషి నమ్మలేదు.

తలుపు తీస్తే యాభై దగ్గరి మనిషి. కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతోంది. ఆయాసపడుతోంది.

"మీ లిఫ్టు పనిచేయట్లేదు అన్నయ్యా. ముందు కూర్చోనివ్వండి. చుట్టరికం తర్వాత చూసుకుందాం."

కూర్చుంది. కుర్చీ చేతుల మీద ఒకసారి వేలితో రాసి చూసుకుంది. "ఇది ఈమధ్యే ఖాళీ చేసినట్టున్నారే."

"నిన్న," అన్నాను. మంచినీళ్లిచ్చాను. "ముందు నేనొక మాట చెప్పాలమ్మా."

"ముందు నేనడుగుతా. రెండు బస్సులు మారింది నేను కదా."

సంచిలోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. కుట్టు మిషను పక్కన నిలబడిన ఒక సన్నటి మనిషి. సూటిగా చూస్తోంది, ఎవరో పేరు పెట్టి పిలిస్తే తలెత్తినట్టు. పాఠకులారా, ఆమెకు మాతో ఏ సంబంధమూ లేదని భూమ్మీద అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా ఆ నుదురు చూడగానే అచ్చం మా నాన్న నుదురే అనుకున్నాను! దొరికి ఉండవచ్చని యంత్రాన్ని ఆడిపోసుకున్నాను గానీ, నాలోపల ఉన్నదీ అదే యంత్రం.

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. అడిగింది.

"అన్నయ్యా, ఫిబ్రవరికి ముప్ఫయ్యో తేదీ ఎక్కడిది?"

ఆ ప్రశ్న వినడానికి నేనెంతకాలంగా సిద్ధంగా ఉన్నానో చెబితే మీరు నవ్వుతారు. జవాబు కూడా ఎప్పుడో తయారు చేసి పెట్టుకున్నాను, చమత్కారంగా, కొంచెం గర్వంగా. తీరా అడిగేసరికి నోట్లోంచి రెండు మాటలే వచ్చాయి.

"ఆమె లేదు."

"తెలుసు," అంది.

"తెలిసే వచ్చారా?"

"ఇరవై ఆరేళ్లుగా రోజుకి రెండొందల మంది పుట్టినతేదీలు రాస్తున్నా. తేదీ అడిగితే మగాళ్లు పెళ్లాల వంక చూస్తారు, ముసలాళ్లు పైకి చూస్తారు. ఇప్పటిదాకా ఫిబ్రవరి ముప్ఫై అన్నవాళ్లు ఒక్కరూ లేరు. పెన్ను ఆగదా మరి?"

టీ పెడతానని లేవబోయాను. చెయ్యి ఊపి కూర్చోమంది.

"అబద్ధం చెప్పను. మొదట పేరూ సంవత్సరం చూసినప్పుడు నమ్మేశా. పది నిమిషాలు మా అమ్మమ్మకి ఒక అన్నయ్య ఉన్నాడు. ఆ తర్వాత తేదీ చూశా."

"ఆ పది నిమిషాలకి నన్ను క్షమించాలమ్మా."

"ఆ పది నిమిషాలు బాగానే ఉన్నాయి. తర్వాత పది నిమిషాలకి చెప్పండి క్షమాపణ."

చెప్పాను. ఆమె తల ఊపి తీసుకుంది, చీటీ తీసుకున్నట్టు.

"తిడదామని ఉత్తరం మొదలుపెట్టా," అంది. "సగంలో ఆగిపోయా. ఆమె చుట్టూ ఉన్నవాళ్ల తేదీలన్నీ చదివా కదా, ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఇంత జాగ్రత్త మనిషికి ఈ ఒక్క చోటే చెయ్యి జారుతుందా? జారలేదు. ఎవరో ఒకరు అడుగుతారని పెట్టుకున్నాడు. ఎవరూ అడిగినట్టు లేరు. సరే, నేనడుగుదామని వచ్చా."

"దొంగల కోసం పెట్టానమ్మా," అన్నాను.

"దొంగలు తేదీలు చూడరు అన్నయ్యా. చూసే ఓపికుంటే వాళ్లే రాసుకుంటారు. ఎవరి కోసం పెట్టారు?"

ఇక్కడ పాఠకులకు నేనొక దిద్దుబాటు చేసుకోవాలి. వల వెబ్‌సైట్‌లో పన్నానని పైన రాశాను. అది నిజం కాదు. లేచి వెళ్లి బైండు చేసిన పుస్తకం తెచ్చాను. నలభై ఏడో పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను. మా తాత, ఆయన కిందే చెల్లెలు, ఫిబ్రవరి ముప్ఫై. అట్ట లోపల అచ్చయిన సంవత్సరం చూసుకుంది. ఐదేళ్ల కిందటిది. మొదటి దొంగ రావడానికి రెండేళ్ల ముందుది.

"ఎంతమందికి ఇచ్చారు?"

"పదకొండు."

"ఒక్కరూ?"

"బైండింగు బాగుందన్నారు."

ఆమె నవ్వలేదు. జాలి కూడా పడలేదు, అందుకు జీవితాంతం రుణపడి ఉంటాను. బిస్కెట్ల ప్లేటు దగ్గరికి లాక్కుని, పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఒక మనిషి పేజీ తిప్పితే అంత చప్పుడవుతుందని నాకు తెలియదు. రెండు గంటలు గడిచాయి. మధ్యలో ఒకసారి, "మీ ముత్తాత గట్టివాడే," అంది. ఇంకోసారి, "ఈ మొదటి భార్య సంగతి మీ పిన్నికి చెప్పారా?" అంది. చెప్పి తిట్లు తిన్నానన్నాను.

నూట పన్నెండో పేజీ దగ్గర ఆగింది. "ఈయన వాళ్ల నాన్న కన్నా మూడేళ్ల ముందు పుట్టాడు. నూట నలభైలో ఒకే మనిషి రెండుసార్లు పోయాడు. ఇవి కూడా కావాలని పెట్టినవేనా?"

చూశాను. కావు. ముప్ఫై నాలుగేళ్ల ప్రూఫ్ రీడరు కళ్ల ముందే జారిపోయిన రెండు అసలైన తప్పులు. సిగ్గుతో చచ్చిపోవలసింది. మీకు ఎలా చెప్పను, ఆ రోజంతటిలో నేను కడుపునిండా సంతోషించింది అప్పుడే.

వెళ్లేముందు ఫొటో సంచిలో పెట్టుకుంటూ ఆగింది. "మా అమ్మమ్మకి ఎక్కడా ఒక పేజీ లేదు అన్నయ్యా. రిజిస్టరులో ఒక వరసే ఉంది. మీరు రాస్తారా? మీ చుట్టమని రాయొద్దు. ఉండేదని రాయండి, చాలు."

రాశాను. ఆమె చెబుతుంటే, మాట మాటా అడిగి రాశాను. కాగితాలను అడగలేదు. పుట్టిన తేదీ దగ్గర ఖాళీ వదిలాను. తల్లిదండ్రుల దగ్గర గీత గీయలేదు, "తెలియదు" అని రాశాను. గీత కన్నా ఆ మాట మర్యాదగా అనిపించింది. ఆ పేరు ఇప్పుడొక నిజమైన మనిషిది కాబట్టి, నేను కల్పించిన తాత చెల్లెల్ని వెబ్‌సైట్‌లోంచి తీసేశాను. మిగతా ఎనిమిది మందికీ రాశాను: ఆమె లేదు, నేనే పుట్టించాను, దయచేసి తొలగించండి.

నన్ను చంపినాయన వెంటనే బదులిచ్చాడు. "లేదనడానికి ఆధారం పంపగలరా?"

స్కూటరాయన బొటనవేలు పంపాడు. డ్రాయింగు టీచరు మాత్రం బాధపడింది. ఆవిడ కవలలకు అప్పటికే గౌన్లు వేసేసిందట.

కాబట్టి నేను మొదట అన్నమాట మీదే ఉన్నాను. మీ తాతను ఎవరైనా ఎత్తుకుపోతే సంబరపడండి. అపరిచితులు మెసేజ్ పెడితే తలుపు తీయండి. ఎనిమిది మంది దొంగల వెనక ఒక చదివే మనిషి రావచ్చు. ఆమె నెలకొక ఆదివారం వస్తోంది. వచ్చినప్పుడల్లా ఒక తప్పు పడుతుంది. లిఫ్టు ఇంకా బాగుపడలేదు. వరస మాత్రం ఇద్దరం మార్చుకోలేదు. ఆధారం లేదని తెలిసీ అన్నయ్యా అంటుంది, ఆధారం లేదని తెలిసీ నేను పలుకుతాను.

సొంతవాళ్ల గురించి కూడా నేనేమీ ఫిర్యాదు చేయడం లేదు. మా అన్నయ్య పుస్తకాలు చదవకపోవచ్చు గానీ ఈ పత్రిక ఆదివారం ఆదివారం తెప్పించుకుంటాడు. గళ్లనుడికట్టు నింపడానికి. అది ఈ పేజీకి వెనకవైపే ఉంటుంది.

ఈ వ్యాసంలోనూ లేని తేదీ ఒకటి వేశాను, ఫిబ్రవరిది కాక ఇంకొకటి. నా ఫోన్ నంబరు మారలేదు.